ప్లగ్గుకు కొత్త మర

యుద్ధం ముగిసిన ఏడాది, వేలంలో ఒక గుత్తేదారు కొన్న మోటారు పడవ హలసూరు చెరువు ఒడ్డున కట్టేసి ఉంది. స్పార్క్ ప్లగ్గు బిగించే రంధ్రంలో మరలు అరిగిపోయాయి. తెల్లారేలోగా మోటారు నడిస్తే, పడవ నడిపే ఉద్యోగం మెకానిక్ ఓబళప్పదే.

భార్య పాపక్క లాంతరు పట్టుకుంది. ఓబళప్ప రంధ్రాన్ని పెద్దది చేసి, మరలు కోసే ఉక్కు ట్యాపుకు గ్రీజు పూసి, దాన్ని తిప్పుతూ కొత్త మరలు కోస్తున్నాడు. అర చుట్టు ముందుకు, తెగిన లోహపు పొట్టు ఇరుక్కోకుండా పావు చుట్టు వెనక్కు. కిర్రు, కిర్రు.

అతను ఆగినప్పుడల్లా నీళ్ల అవతల నుంచి అదే కిర్రు వినిపించింది.

"కప్పలేమోమే," అన్నాడు.

"నీ పాటకు వంత పాడతా ఉండాయప్పా!" పాపక్క పకపకా నవ్వింది.

ఆ నవ్వులో పడి ఓబళప్ప వెనక్కు తిప్పడం మరిచాడు. ఇంకొంచెం తిప్పి ఉంటే ట్యాపు లోపలే విరిగేది. అంతలో నీళ్ల అవతలి చీకట్లోంచి కిర్రుమని గట్టిగా చప్పుడు వచ్చింది. ఉలిక్కిపడి వెనక్కు తిప్పాడు.

కొత్త మరల్లోకి ఇత్తడి బుష్షు గొట్టం బిగించి, అందులో ప్లగ్గు పెట్టి మోటారు తాడు లాగాడు. మోటారు గర్జించింది!

"పని మనదేమే!" అంటూ పాపక్కను ఎత్తి పడవలో కూర్చోబెట్టి, చెరువు మధ్యకు దూసుకుపోయాడు. ఇద్దరూ తడిసి ముద్దయి, పిల్లల్లా కేకలు పెట్టారు.

అక్కడ మోటారు ఆపాడు. మోటారు చప్పుడు మాత్రం ఆగలేదు. ఎదుటి చీకట్లోంచి దగ్గరవుతోంది.

"ఇంకెవరో వస్తా ఉండారప్పా! పందెం వేద్దామా?" పాపక్క చప్పట్లు కొట్టింది.

ఓబళప్ప మళ్లీ తాడు అందుకున్నాడు. ఆ చెరువులో ఉన్నది ఒక్కటే మోటారు.