కూర్చుని చేసే పని

శూలగిరిలో హోసూరు బస్సు ఆగింది. దివ్యశ్రీ కాలు పైకి లేవలేదు.

కడ్డీ పట్టుకుంది. ఎక్కాలనే అనుకుంది. తొడల్లో బలం లేదు.

"ఏమ్మా, ఎక్కుతావా లేదా?" కండక్టరు విసుక్కున్నాడు.

లోపలి నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుని పైకి లాగింది.

"రామ్మా. ఈడ కూసో."

యాభై దాటిన మనిషి. తన సీటు చూపించి, తాను కడ్డీ పట్టుకుని నిలబడింది.

"వద్దండీ, పెద్దవారు. మీరు కూర్చోండి."

"నాకేమి, గట్టిగానే ఉండాను. కూసో తల్లీ."

దివ్యశ్రీ ఆశ్చర్యపోయింది. తన మొహం చూసి జబ్బు మనిషని ఎవరూ అనుకోరు. కీళ్ళు పట్టేసే లూపస్ జబ్బుకి నెలల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలతో బుగ్గలు ఉబ్బాయి. 'బాగా ఒళ్ళు చేశావే' అంటారు రూములో తనతో ఉండే అమ్మాయిలు.

కీళ్ళనొప్పులు తగ్గాయి, నిజమే. ఒంట్లో సత్తువ మాత్రం ఎటు పోయిందో తెలియదు. తల దువ్వుకుంటుంటే చేతులు వాలిపోతాయి. రాత్రంతా నిద్రపోయినా పొద్దున్నే అలసట.

జబ్బు తగ్గిందా, పెరిగిందా? ఆమెకే అర్థం కావడం లేదు.

ఆ మనిషి అప్పుడప్పుడూ అదే బస్సులో కనిపించేది. కనిపించిన ప్రతిసారీ లేచి సీటిచ్చేది.

ఈమెకు నాతో ఏం పని? దివ్యశ్రీకి అనుమానం వేసింది.

"మీరు హోసూరు ఎందుకు వెళ్తారండీ?"

"పని ఉండాది తల్లీ."

అంతకుమించి చెప్పేది కాదు.

ఒకరోజు బస్సులో దివ్యశ్రీకి ఏడుపు ఆగలేదు.

"ఇదంతా ఈ స్టెరాయిడ్ మాత్రల వల్లే. రేపటి నుంచి మానేస్తాను."

ఆమె గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"అట్ల చెయ్యొద్దు! ఒక్కసారిగా నిలిపితే ప్రాణం మీదికి వస్తాది. డాక్టర్నే అడుగు. కొంచెం కొంచెంగా తగ్గిస్తాడు."

"మీకెలా తెలుసు?"

"ఎవురో చెప్తే విన్నాను."

"మింగితే మాత్రం ఉద్యోగం ఉంటుందా? రోజంతా నిలబడి చెయ్యాలి. మా సూపర్‌వైజర్ సూర్య అసలు మనిషే కాదండీ. కాసేపు గోడకి ఆనుకుంటే చాలు, నాటకాలంటాడు. ఇంకోసారి ఆనుకుంటే తీసేస్తానన్నాడు."

ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఏ కంపెనీ?"

చెప్పింది.

"నీ పేరు?"

చెప్పింది.



ఆ తర్వాతి సోమవారం సూర్య పిలిచాడు. ఉద్యోగం పోయిందనుకుంది దివ్యశ్రీ.

"రేపట్నుంచి ప్యాకింగ్‌కి పో. కూసోని లేబుళ్ళు అంటించే పని."

"సార్?"

"ఆస్పత్రికి పోయే దినం ముందే చెప్పు. పో."

మొహం చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఇతనికి ఏమైంది? దీని వెనక ఏదో మెలిక ఉందేమోనని చాలా రోజులు భయపడింది. ఏ మెలికా రాలేదు.

డాక్టరు మాత్రలు మెల్లగా తగ్గించాడు. చిన్న చిన్న వ్యాయామాలు చెప్పాడు. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచిన రోజు, దివ్యశ్రీ రూములో ఒంటరిగా నవ్వుకుంది.

ఇప్పుడు తనంతట తనే బస్సెక్కుతోంది. ఆ మనిషికి చూపించాలనుకుంది. ఆమె కనిపించలేదు.

పేరైనా అడగలేదే!

ఒకరోజు సూర్య పనికి రాలేదు. వాళ్ళమ్మ పోయిందన్నారు. దివ్యశ్రీ అందరితో పాటు కంపెనీ వ్యానులో అతని ఊరు కుందారపల్లి వెళ్ళింది.

ఇంటి ముందు షామియానా. కుర్చీలో దండ వేసిన ఫొటో.

బస్సులో ఆమె.

దివ్యశ్రీ సూర్య దగ్గరికి వెళ్ళింది.

"సార్... అమ్మగారు నాకు తెలుసు."

సూర్య కళ్ళు తుడుచుకున్నాడు.

"తెలుసు. నీ కోసం నా మీద అలిగి అన్నం గూడా తిన్లే. ఆ పాపకి నిజంగానే చాత కాలేదురా, కూసోబెట్టు అనింది. పేరు చెప్పొద్దనింది."

"నా బాధ ఆమెకి అంత బాగా ఎలా తెలిసింది సార్?"

అతను ఫొటో మీది దండ సరిచేశాడు.

"పొద్దున లేయలేక పండుకోనుంటే మేమంతా సోమరి అంటిమి. అమ్మ తిరిగి ఒక్క మాట అనలే. ఆఖర్లో హోసూరు ఆస్పత్రిలో డాక్టరు చెప్పేదాకా తెలీదు మాకు, మా అమ్మకీ నీ జబ్బేనని."