రెండు వరసల అంకెలు

"సిన్నాన్నా, నువ్వు గీసిన గీత మీదే కోసినాను. రేపు ఇన్‌చార్జి ముందర ఆ మాటొక్కటి సెప్పు. నేకపోతే నా గేట్ పాస్ పోద్ది, పనీ పోద్ది," అన్నాడు అనిల్ గుమ్మంలోనే నిలబడి.

అప్పలసూరి తలెత్తలేదు. వర్క్‌షాపులో ఇనుప ప్లేట్ల మీద కోణం కొలిచి గీత గీసేది అతను. ఆ గీత వెంట గ్యాస్‌తో కోసేది అనిల్. మూల నూట ఇరవై డిగ్రీలు రావాల్సిన ప్లేట్లన్నీ అరవైకి తెగి తుక్కయ్యాయి. గీసిన గీత మంటలో కాలిపోయింది. ఎవరి తప్పో తేలకపోతే కొత్తవాడిదే తప్పు. అక్కడి న్యాయం అంతే.

"నాను నూట ఇరవైకే గీసినాను. నువ్వేటి కోసినావో నాకేటి తెలుసు?"

నేల మీద కూర్చుని హోంవర్క్ చేసుకుంటున్న అప్పలసూరి కూతురు సత్యశ్రీ ఫక్కున నవ్వింది. హిందీ ఊళ్లో పుట్టి పెరిగిన ఆరో క్లాసు పిల్ల. ఇంట్లో అందరికంటే తనకే ఎక్కువ తెలుసని దాని నమ్మకం.

"మా క్లాసులో కూడా అందరూ ఇదే గల్తీ చేశారు! దేఖో భయ్యా," అని తన ప్రొట్రాక్టర్ ఎత్తి చూపించింది. "అంకెలు రెండు వరసలుంటాయి. ఒకే గీత దగ్గర పై వరసలో నూట ఇరవై, లోపలి వరసలో అరవై. కలిపితే నూట ఎనభై. సప్లిమెంటరీ! ఒక వరస బదులు ఇంకోటి చదివితే అయిపోయింది. అందుకే మేడమ్ ముందు కంటితో చూడమంటారు. తొంభై కంటే ఇరుగ్గా ఉంటే అక్యూట్, వెడల్పుగా ఉంటే అబ్ట్యూస్."

అనిల్ ముఖం వెలిగింది. "ఇదే అయ్యుంటాది సిన్నాన్నా! నీ ప్రొట్రాక్టరుకీ రెండు వరసలే గదా. రేపు అది సూపించు, సాలు. పొరపాటు ఎవరికైనా అవుద్ది."

"మరి నా పాసో?"

"నువ్వు పాతోడివి, తిట్టి ఒగ్గేత్తారు. నాకు తిట్లతో పోదు."

అప్పలసూరి మూలనున్న తన పనిసంచీ వైపు చూశాడు. తర్వాత లేచి అనిల్ భుజం మీద చెయ్యి వేశాడు.

"సరేలేరా. రేపు ప్రొట్రాక్టరు తెచ్చి అందరి ముందరా పెడతాను. ఎల్లి తిండి తిను."

అనిల్ కళ్లు తుడుచుకుంటూ కార్మికులుండే క్యాంప్ వన్ సందులోకి నడిచాడు. పాపం, పెద్దవాళ్ల మాట మీద వాడికింకా గురి ఉంది.

అప్పలసూరి పనిసంచీలోంచి స్టీలు ప్రొట్రాక్టర్ తీసి కూతురి పక్కన చతికిలబడ్డాడు.

"అమ్మా, నాలాంటోడు తప్పు సదవడానికి వీల్లేకుండా ఉండాలంటే ఇందల ఏ వరస అక్కర్లేదు?"

"నువ్వు ఎడమ నుంచే కొలుస్తావు కదా నాన్నా? అయితే ఇది బేకార్," అంటూ సత్యశ్రీ గర్వంగా లోపలి వరస మీద వేలు పెట్టింది.

"శభాష్," అని దాని తల నిమిరి, రేపు అందరి ముందరా పెట్టేసరికి ఆనవాలు కూడా మిగలకూడదన్నట్టు అప్పలసూరి ఆ వరస మీద ఆకురాయి పెట్టి అరగదీయడం మొదలుపెట్టాడు.