ఖాళీ బండి బరువు

"ఇంకెంత పెట్టమంటారు డాక్టరమ్మా? పెట్టేకొద్దీ చిక్కిపోతోంది నా పిల్లి!"

పెద్దాయన పిల్లి బుట్టను బల్ల మీద దించి, దాని పక్కన నోటుపుస్తకాన్ని ఠపీమని పడేశాడు. రెండో చేత్తో జారుతున్న ప్యాంటును పైకి లాక్కున్నాడు. పశువుల డాక్టరమ్మ పుస్తకం తెరిచింది. రెండు నెలల సోమవారాల తూకాలు వరసగా, గుండ్రటి అక్షరాల్లో ఉన్నాయి.

"ఆరు కిలోల పిల్లి నాలుగున్నరకి దిగింది. వారంవారం మీకు ఫోన్లో చెబుతూనే ఉన్నాను. ముప్పై గ్రాములన్నారు, నలభై అన్నారు, ఆఖరికి యాభై అన్నారు. పూటపూటా తూచి పెట్టాను. ఒక్క గింజ ఎక్కువ లేదు, తక్కువ లేదు. సూది కూడా గడియారం చూసే వేస్తున్నా. అయినా కరిగిపోతోంది," అన్నాడు పెద్దాయన.

"షుగరున్న పిల్లి ఇలా తగ్గిపోవడం మంచిది కాదు బాబాయిగారూ. అందుకే ఓసారి తీసుకురమ్మన్నాను."

'మంచిది కాదు' అన్న మాటకి పెద్దాయన కుర్చీలో కూలబడ్డాడు. ఆయన ఇంట్లో గోడ గడియారం తర్వాత చప్పుడు చేసేది ఆ పిల్లి ఒక్కటే. తాళం తీస్తే గుమ్మం దాకా వచ్చేది అదే, పలకరిస్తే చెవి తిప్పేదీ అదే. అది కూడా పోతే ఇక తను ఎవరి కోసం ఇంటికి వెళ్లాలో ఆయనకు తెలియదు.

డాక్టరమ్మ బుట్ట మూత తీసింది. దొరసాని అని ఆయన పేరు పెట్టుకున్న ఆ పిల్లి తనంతట తాను బయటికి రాలేదు. రెండు చేతులూ వేసి ఎత్తిన డాక్టరమ్మ "అమ్మో!" అంది.

"అదంతా బొచ్చేనమ్మా. లోపల ఏమీ లేదు," అన్నాడు పెద్దాయన దిగులుగా.

పిల్లిని బల్ల మీది కాటాపై కూర్చోబెట్టింది. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి ఆగాయి. ఏడున్నర.

"మీ కాటా తప్పు," అన్నాడు పెద్దాయన వెంటనే.

"నిన్ననే మనిషొచ్చి సరిచేసి వెళ్లాడు."

"అయినా తప్పే. లారీలు తూచే కాటా దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాను. ఒక్క బస్తా తేడా వచ్చిందని ఎవరూ నన్ను వేలెత్తి చూపలేదు. నాకే తూకం నేర్పుతారా?"

"నేర్పను. మీరే చెప్పండి, ఇంట్లో దీన్ని ఎలా తూస్తున్నారు?"

"ఎలా ఏముంది? మిషన్ మీద వదిలితే నిమిషం నిలవదు. అందుకని దీన్ని ఎత్తుకుని నేనే ఎక్కుతాను. సరుకుతో ఉన్న లారీని తూచి, అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే సరుకెంతో తేలిపోతుంది. ఇదీ అంతే. ఇద్దరి బరువులోంచి నా యాభై ఎనిమిదీ తీసేస్తాను."

"ఆ యాభై ఎనిమిది ఎప్పటిది?"

"మొదటి సోమవారానిది. అట్ట మీదే రాసిపెట్టాను, చూడండి. ఖాళీ బండి ఎక్కడికి పోతుంది? మాటిమాటికీ దాన్ని తూచే పనేముంది?"

డాక్టరమ్మ అట్ట చూసింది. ఆ తర్వాత ఆయన బెల్టు చూసింది. మేకుతో కొత్తగా పొడిచిన చిల్లులు రెండున్నాయి.

"పొద్దున్న ఏం తిన్నారు?"

"యాభై గ్రాములు. సరిగ్గా ఏడింటికి."

"నేనడిగింది పిల్లి సంగతి కాదు."

పెద్దాయన తను తిన్నదేమిటో గుర్తు తెచ్చుకోబోయాడు. ఒక్కడి కోసం పొయ్యేం వెలిగిస్తాంలే అనుకున్నట్టు గుర్తు. అది ఇవాళ అనుకున్నాడో, నిన్న అనుకున్నాడో తేలలేదు.

డాక్టరమ్మ మూలనున్న పెద్ద కాటా చూపించింది. పెద్ద కుక్కల్ని తూచేది.

"దాని మీదికెక్కండి."

"నేనెందుకమ్మా? ముందు దొరసాని సంగతి చూడండి!"

"ఆ సంగతే చూస్తున్నాను."

పెద్దాయన గొణుక్కుంటూ చెప్పులు విప్పి ఎక్కాడు. దొరసాని బల్ల మీది నుంచి ఆయన్నే చూస్తోంది. కాటా మీద యాభై ఐదు వెలిగింది.

"తగ్గింది సరుకు కాదు బాబాయిగారూ," అంది డాక్టరమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని. "బండి."