గోడవతల పేరు

"ఆమెన్" అని స్వర్ణకుమారి కళ్లు తెరిచేసరికి పక్కింటి పైడితల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

నిన్న కుళాయి దగ్గర నోటికొచ్చినట్టు తిట్టుకున్నాక ఇద్దరికీ మాటల్లేవు.

"ఏటి, ఇంకా మిగిలిపోయేయా తిట్లు?" అంది స్వర్ణకుమారి.

"ఈయేళ నా పేరు సెప్పలేదేటి వదినా?"

"ఎక్కడ?"

"నీ ప్రార్థన్లో. రోజూ 'పక్కింటి పైడితల్లి మోకాళ్లు బాగుసెయ్యి తండ్రీ' అంటావు కదా. గోడకి సెవొగ్గి ఇన్నాను, ఆకర్న గుమ్మం కాడికొచ్చి ఇన్నాను. మాడుగుల్లో మీ సెల్లి, సోడవరంలో మీ సంగం, అందరూ అయిపోయేరు. నా పేరు రాలేదు."

స్వర్ణకుమారి తల దించుకుంది. కోపంతో కావాలనే ఆ పేరు మింగేసింది. శత్రువుల కోసం ప్రార్థించమని సండే స్కూలు పిల్లలకు నేర్పేది తనే.

"మా దేవుడికి నువ్వు మొక్కవు కదా. నా ప్రార్థనతో నీకేటి పని?"

"మీ దేవుడు ఇంటాడో లేదో నాకు తెల్దు. మా ఆయన పోయేక నన్ను పేరెట్టి పిలిసే మనిషే లేదు వదినా. పొద్దున్నే ఆ గోడలోంచి ఇనబడితేనే, నేనూ ఉన్నానని అనిపిస్తాది."

స్వర్ణకుమారి చాప మీద జరిగి చోటిచ్చింది. పైడితల్లి గోడ పట్టుకుని మెల్లగా కూర్చుంది.

"తండ్రీ, పైడితల్లి..."



"మోకాళ్లు" అని పైడితల్లి మెల్లగా అందించింది.