మోకాలి నొప్పికి కరెంటు

గిద్దలూరు మిషను బడిలో పాత శాస్త్ర పరికరాల ప్రదర్శన పెట్టారు. మద్రాసు నుంచి వచ్చిన కరెంటు పెట్టె చుట్టూ జనం మూగారు.

“వెనకట దొరలు మోకాలి నొప్పికి దీన్నే వాడినారు. ఒక్కరే పట్టుకుంటే తట్టుకోలేరు. ఇద్దరు దీని కడ్డీలు చెరొకటి పట్టుకొని, రెండో చేతులు కలపాల,” అన్నాడు పంతులు.

మోకాళ్లు పట్టేసిన రైతు వెంకటసుబ్బయ్య ఒక కడ్డీ అందుకున్నాడు. రెండోది ఆయన పాలేరు సీమోను పట్టుకున్నాడు. అంటు పట్టింపున్న వెంకటసుబ్బయ్య తమ చేతుల మధ్య తువ్వాలు అడ్డం పెట్టాడు.

పంతులు పెట్టె పిడి తిప్పాడు. ఏమీ కాలేదు.

“ఎండుగుడ్డలో కరెంటు పోదు పెద్దాయనా.”

పట్టింపు పెద్దదే గానీ, నొప్పి అంతకన్నా పెద్దది. తువ్వాలు భుజానికెక్కింది. వెంకటసుబ్బయ్య సీమోను చెయ్యి పట్టుకున్నాడు.

పిడి తిరగ్గానే ఇద్దరూ ఎగిరిపడ్డారు.

“నీకూ ఇట్లనే జివ్వుమనిందా రా?”

“అట్లనే అయ్యా.”

“ఆపొద్దు పంతులూ, ఇంకా తిప్పు.”

పంతులు తిప్పుతూనే ఉన్నాడు. కాసేపటికి వెంకటసుబ్బయ్య కళ్లు మూసుకున్నాడు.

“ఇప్పుడు హాయిగా ఉండాది. నీకూ ఎక్కుతాందా సీమోనూ?”

సీమోను కిందికి చూశాడు. మొదటి కుదుపుకే పెట్టె నుంచి ఊడిన కడ్డీ తీగ అతని కాళ్ల దగ్గర పడుంది. పంతులూ దాన్ని చూశాడు, పిడి మాత్రం ఆపలేదు.

“బాగా ఎక్కుతాంది అయ్యా,” అన్నాడు సీమోను.