సుత్తి లేని ఆపరేషన్

టైపిస్టు పది రోజుల సెలవు ముగించుకుని ఆ ఉదయం డ్యూటీలో చేరింది. ముక్కు మీద ప్లాస్టరు, రెండు కళ్ళ కిందా నీలం. మూడు నెలల్లో ఇది రెండో ముక్కు ఆపరేషన్; మొదటిసారీ ఇలాగే వచ్చింది.

సెక్షన్ మొత్తం ఆమెను జాలిగా చూసింది, ఒక్క సూపరింటెండెంటు తప్ప. ఆవిడను స్టాఫు చాటుగా భూతద్దం అనేవారు. పదో పేజీలో కామా తప్పినా ఆవిడకు మొదటి పేజీలోనే వాసన వచ్చేది. టైపిస్టు ప్రొబేషన్ ఆ శుక్రవారంతో పూర్తవుతుంది. ఉద్యోగం పర్మనెంటు కావడమా, ఊడడమా అన్నది భూతద్దం రాసే నాలుగు వాక్యాల మీద ఆధారపడి ఉంది.

ఆ నాలుగు వాక్యాలనూ ఆవిడ వారం నుంచే మనసులో పదును పెడుతోంది.

మొదటిసారి సెలవు చీటీ తెచ్చింది టైపిస్టు భర్త. ఇస్త్రీ చొక్కా, నవ్వు మొహం, వరసపెట్టి అందరికీ నమస్కారాలు. ఆమెకు చిన్నప్పటి నుంచీ ముక్కు లోపలి గోడ వంకరట. పడుకుంటే ఊపిరాడదట. ఎలాగూ కోస్తున్నారు కదా అని పైన దూలం కూడా కాస్త తీర్చిదిద్దించాడట.

"పాతకాలం సుత్తీ ఉలీ కాదండీ, అల్ట్రాసోనిక్" అన్నాడతను. "చెవికి వినపడని శబ్దంతో ఎముకను వెన్నలా కోసేస్తారు. మా ఆవిడ విషయంలో నేను రాజీ పడను."

సెక్షన్‌లో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళూ ఆ పూట తమ మొగుళ్ళను తలుచుకుని నిట్టూర్చారు. భూతద్దం మాత్రం, ముక్కు మీదున్న శ్రద్ధలో పావువంతు టైపు మీద ఉంటే ఆఫీసు బాగుపడేదని హెడ్ క్లర్కుతో అంది. తాను కళ్ళజోడు పెట్టుకున్న సంగతి వాళ్ళాయన గమనించడానికే ఏడాది పట్టింది. పెళ్ళాం ముక్కు దూలం కొలతలు తెలిసిన మగవాణ్ణి ఆవిడ ఎక్కడా చూడలేదు.

అంత ముచ్చటపడి చేయించుకున్న ముక్కును ఆ పిల్ల ఎత్తి ఎవరికీ చూపించిందీ లేదు. ఎప్పుడూ తల వంచుకునే ఉండేది. ఫోను మోగితే ఉలిక్కిపడేది. నాలుగున్నర నుంచే గడియారం చూసేది. ఏం అడిగినా "సారీ మేడమ్" అనేది. పనికి వంగని వాళ్ళే మాటకు వంగుతారని భూతద్దం లెక్క. ముక్కు తీరింది గానీ పొగరు తీరలేదని కూడా ఒకసారి అంది, ఆ పిల్లకు వినపడేట్టే.

పోయిన వారం ఆవిడ తమ్ముడికి ముక్కు దిబ్బడ ఎంతకీ తగ్గకపోతే డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళింది. స్కాన్ చూసి అతనికీ లోపలి గోడ వంకరేనని, కొంత ఎముక కోయాలని డాక్టరు చెప్పాడు. సుత్తితో కొడతారేమోనని తమ్ముడు బిక్కచచ్చిపోయాడు. డాక్టరు నవ్వి, లావుపాటి పెన్నులాంటి పనిముట్టు ఒకటి చూపించాడు. దాని మొన సెకనుకు కొన్ని వేలసార్లు అదురుతుంది. ఎముకనే కోస్తుంది, పక్కనున్న రక్తనాళాలను గాయపరచదు.

"మరి కళ్ళ కింద నల్లబడదా డాక్టరుగారూ?" అంది భూతద్దం.

"కమిలి నల్లబడడం సుత్తి రోజుల మాటమ్మా. దీంతో కాస్త వాపు, అంతే."

మూడు నెలలకే రెండోసారి చేయించుకోవచ్చా అని కూడా అడిగింది. లోపల గాయం పూర్తిగా మానడానికే ఏడాది పడుతుందనీ, ఈలోగా ఎవరు బతిమాలినా తాను ముట్టుకోననీ డాక్టరు తేల్చి చెప్పాడు.

ఇంటికి వచ్చేదాకా తమ్ముడు, "చేయించుకోనా వద్దా అక్కా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆవిడ వింటేగా. దొంగ దొరికిన సంతోషంలో ఉంది. ఆపరేషనూ లేదు, పాడూ లేదు. మొగుడూ పెళ్ళాలు హాయిగా ఊళ్ళు తిరిగొచ్చి, ముక్కుకు ఇంత ప్లాస్టరు అంటించి, కళ్ళ కింద ఇంత రంగు పూసి, ఆఫీసును వెర్రివెంగళప్పను చేశారు.

పదకొండింటికి టైపిస్టును తన గదిలోకి పిలిచింది. సాక్ష్యానికి హెడ్ క్లర్కును కూర్చోబెట్టుకుంది. డాక్టరు చెప్పినదంతా పొల్లు పోకుండా అప్పజెప్పింది.



"ఆపరేషన్ అబద్ధమే మేడమ్" అంది టైపిస్టు నేల చూస్తూ. "తప్పు నాదేనని రాసిస్తాను. జీతం కోసెయ్యండి. ఉద్యోగం మాత్రం తీసెయ్యకండి. ఈ ఒక్కటీ ఉంచండి."

"రాసిద్దువుగాని. ముందు ఆ వేషం తీసెయ్యి."

హెడ్ క్లర్కు ఇబ్బందిగా కదిలి, పోనీలెండి మేడమ్, చిన్నపిల్ల అని నసిగాడు. చిన్నపిల్ల కాదు, గుండెలు తీసిన బంటు అంది భూతద్దం. తన చేతిరుమాలు మంచినీళ్ళ గ్లాసులో ముంచి, పిండి, బల్ల మీదుగా చాపింది.

టైపిస్టు అందుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

ఇంకేం సాక్ష్యం కావాలన్నట్టు హెడ్ క్లర్కు వైపు చూసి భూతద్దం తానే లేచింది. ఆ పిల్ల గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పింది. కంటి కింద నుంచి దవడ దాకా బరబరా ఒక్క తుడుపు తుడిచింది.

కంటి కింది నీలం చెక్కు చెదరలేదు గానీ, చర్మం రంగు పౌడరు రుమాలంతా అంటుకుని, ఏ ముక్కు డాక్టరూ చెయ్యి పెట్టని ఆ చెంప మీద నాలుగు లావుపాటి వేళ్ళ అచ్చులు విడివిడిగా బయటపడ్డాయి.