ది సైడ్ వెంట్స్ రెండో రికార్డు

మూడో పాట సగంలో ఉండగానే మారీన్ పెటిఫర్ రికార్డు మీది ముల్లు ఎత్తేసింది.

“చల్లారి మెత్తబడ్డ చిప్స్‌లా ఉంది” అంది.

ఎదురుగా కూర్చున్న డెరెక్ టీ కప్పు పక్కన పెట్టాడు. తల్లి లేని అతను పెరిగిందంతా ఈ ఇంట్లోనే. తలుపు వెనక కొక్కేనికి ఆమె కొడుకు క్లైవ్ పార్కా కోటు ఇంకా వేలాడుతోంది. అటు చూడాలంటేనే డెరెక్‌కి భయం.

‘ది సైడ్ వెంట్స్’ డెరెక్, క్లైవ్ కలిసి పెట్టిన బ్యాండు. బిగుతు సూట్లు, అద్దాల స్కూటర్లు. పదిహేనేళ్ల కిందటి ‘మోడ్లు’ అనే లండన్ షోకిలాల వేషాన్నే దులిపి మళ్లీ కట్టారు. మొదటి రికార్డుకి వాళ్ల ఊరు రామ్‌ఫర్డ్‌లో కుర్రకారు వెర్రెత్తిపోయింది. ఆ వేసవిలోనే మార్గేట్ సముద్రతీరం నుంచి వస్తూ క్లైవ్ స్కూటర్ లారీ కింద పడింది. అక్కడికక్కడే పోయాడు. 1980లో రెండో రికార్డు వచ్చింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. కంపెనీ పొమ్మంది.

ఆ రికార్డు పాడుతున్నన్నాళ్లూ హెడ్‌ఫోన్లలో డెరెక్‌కి ఇంకో గొంతు వినబడేది. క్లైవ్ గొంతే. ఇప్పటికీ వదల్లేదు.

మారీన్ అట్ట తిప్పి చూపించింది. “మొదటిదాని మీద రాసినవాళ్ల పేరే వెయ్యలేదు. బ్యాండు పేరు చాలన్నారు. మావాడు పోగానే ‘పాటలు: డెరెక్ మోబ్రే’ అని ఇంత లావు అక్షరాలా? సిగ్గుగా లేదట్రా?”

“తప్పే ఆంటీ.”

“వాడు రాసిపెట్టుకున్నవి ఒక్కటీ మిగల్లేదా? అవి పాడి ఉంటే నీ పరువైనా దక్కేది కదరా.”

డెరెక్ నోరు తెరిచాడు. మారీన్ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. వెనక కోటు కదిలినట్టనిపించింది.

“మిగల్లేదాంటీ. వాడివన్నీ మొదటిదాంట్లోనే అయిపోయాయి.”

“అదీ సంగతి. మావాడి చెయ్యే వేరు.” ఏడాదిగా ఎవరూ చూడని నవ్వు ఆమె ముఖంలోకి వచ్చింది. మొదటి రికార్డు తీసి పెట్టింది. “ఇంక నువ్వు ఈ గుమ్మం తొక్కకు డెరెక్.”

బయట డ్రమ్ములు వాయించే మాల్కమ్ స్కూటర్ మీద కాచుకుని ఉన్నాడు.

“ఇవాళైనా చెప్పావా, మళ్లీ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని వచ్చావా?”

డెరెక్ వెనక సీటెక్కాడు.

“తిట్లు నాకే తగలాలని నా పేరు వేశాను. మొదటివన్నీ నావేనని, క్లైవ్ జన్మలో రాసిన పాటలంటూ ఉంటే అవి ఈ రెండో రికార్డులోవేనని కన్నతల్లికి ఎలా చెప్పనురా?”